నూలుకొండ వాకిట్లో వేళ్లు విప్పని నాగసిరి

ఈ కథను నమ్మనని మొండికేసేవారు ఉంటే ఇప్పుడే ముందుకు రావచ్చు. కాకపోతే ముందుగా నూలుకొండకున్న మూడు వందల అరవై మెట్లెక్కి, బుద్ధ విహార ద్వారానికి కుడివైపున కూర్చున్న రాతి స్త్రీని చూసి వచ్చి మాట్లాడాలి. ఆమె చూపు బొటనవేలు, చూపుడువేలు కలిసినచోటే నిలిచి ఉంటుంది. ఆ వేళ్ల సందున వెంట్రుక దూరదు. విడదీస్తామని పందెం కాసిన పహిల్వానులు భుజాలు పట్టేసి మెట్లు దిగిపోయారు.

పూర్వం ఇక్కడ వెయ్యిన్ని ఎనిమిది మంది భిక్షువులు ఉండేవారు. వారు గొంతెత్తి పఠిస్తే సముద్రంలో కెరటం ఒడ్డు తాకడానికి సందేహించేది. ఒక ఏడు కొండ కింది పల్లెల్లో విషజ్వరం పడింది. నలభై మంది రోగులను మెట్ల కింద పాకలో పడుకోబెట్టి, భిక్షువులు ఏడు రోజుల పఠనం ఆరంభించారు. బుద్ధుని ముందున్న నీళ్లకుండ మెడకు కట్టిన తెల్లని నూలుదారం భిక్షువులందరి చేతుల మీదుగా సాగి, ద్వారం దాటి, మెట్ల పక్కగా దిగి, రోగుల చేతుల్లోకి చేరేది. పఠనం ముగిసేవరకు ఆ దారం తెగరాదు. తెగితే మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టాలి. మరో ఏడు రోజులు ఆగగల ప్రాణం ఆ పాకలో ఒక్కటీ లేదు.

ఏడవనాటి ఉదయం నాగసిరి అనే నేతగత్తె కొండెక్కింది. ఆమెకు మొక్కూ లేదు, జ్వరమూ లేదు. భర్త మూలన్నతో కలిసి చీరల మూటలతో రేవుకు వచ్చి, పడవ కదిలేలోగా విహారం చూసిపోదామనుకుంది, అంతే. ఆమె నేసిన పన్నెండు మూరల చీర కుంకుడుకాయ డొల్లలో పట్టేది. అంతటి చెయ్యి.

ద్వారం దగ్గర కూర్చుని శిల్పాలు చూస్తుండగా, పక్కనే సాగుతున్న దారంలో ఒక ముడి ఆమె కంటబడింది. నేతవారికి పోగులో ముడి కంట్లో నలుసు. దాన్ని కొరికేసి, కొసలు మెలిపెట్టి అతికితేగాని వారి చెయ్యి ఊరుకోదు. ఇది మగ్గం కాదన్న సంగతి గుర్తుకు వచ్చేలోపే పళ్లు పని కానిచ్చేశాయి.

దారం తెగింది. ఎవరూ చూడలేదు. లేచి పోతే అడిగేవారు లేరు. అంతలో కింద పాకలోంచి ఎవరిదో దగ్గు వినిపించింది. నాగసిరి చప్పున వంగింది. జారిపోతున్న రెండు కొసలనూ ఒడిసిపట్టి, నాలుకతో తడిపి, వేళ్ల మధ్య మెలిపెట్టింది. అతుకు కుదిరింది కాని, గంజి పడని అతుకు వేళ్లు తీస్తే విడిపోతుంది. గంజి అడగడానికి నోరు తెరిస్తే పఠనం ఆగిపోతుంది. ముడి పోయినంత మేర దారం పొట్టిదై, అటు వెయ్యి మంది, ఇటు నలభై మంది తనను లాగుతున్నట్టే ఉంది. చెమటకు వేళ్లు జారుతున్నాయి. ప్రతి శ్లోకమూ చివరిదేమో అని ఆశపడేది. వెంటనే మరొకటి మొదలయ్యేది.

మధ్యాహ్నం మూలన్న రొప్పుతూ వచ్చాడు.

"బొమ్మలు చూసొస్తానని నువ్వే బొమ్మవై కూర్చున్నావా? పడవవాడు తెరచాప ఎత్తేశాడే!"

"గొంతు తగ్గించయ్యా. దారం కొరికేశాను."

మూలన్న కిందికి చూశాడు. పాకలో నలభై చేతులు ఆ దారాన్నే పట్టుకుని ఉన్నాయి.

"ఎవరికైనా తెలుసా?"

"నీకే."

"అయితే వదిలేసి రా. పోదాం."

"నువ్వెళ్లు. వాళ్లలో ఒక్కరు పోయినా నేనిక పోగు ముట్టలేను."

అతడు రేవు వైపు చూశాడు. ఆనిక లేక గాలిలో నిలిచిన ఆమె మోచేతి వైపు చూశాడు. "నీ నోటికి చిక్కం కట్టి తేవలసింది" అని గొణిగి, వెనకాల చతికిలబడి, ఆ మోచేతికి తన మోకాలు ఆనించాడు. పడవ వెళ్లిపోయింది.

పొద్దు వాలేవేళకు పఠనం ముగిసింది. భిక్షువులందరికీ పెద్దయిన మహాస్థవిరుడు దారం చుట్టుకుంటూ ద్వారం దాకా వచ్చి ఆగాడు. నాగసిరి ఏడుస్తూ జరిగినదంతా చెప్పింది. ఆయన కుండ తెప్పించాడు. "చెయ్యి విప్పకు తల్లీ, నోరు తెరు" అని మొదటి గుక్క ఆమె నోట పోసి, ఆ తరువాతే నీళ్లు పాకకు పంపాడు. మూడవనాటికి నలభై మందీ తమ కాళ్లమీద కొండెక్కి వచ్చారు. అప్పటికీ ఆమె వేళ్లు బిగుసుకునే ఉన్నాయి. ఒక్కొక్కరే వచ్చి నిమరగా, నలభయ్యోవాని చెయ్యి తగిలాక గాని అవి విడలేదు. ఆమె కూర్చున్నచోటే, వేళ్లు బిగించిన ఆ రాతి బొమ్మను తరువాత నిలిపారు.

నేటికీ ప్రార్థన వేళ ఊరికే చూడవచ్చిన యాత్రికులను ఇక్కడ పొమ్మనరు. చెప్పులు విడిచి, సెల్‌ఫోను సంచిలో వేసి ద్వారం దగ్గర కూర్చుంటే దారం చేతికిస్తారు. ముగిసేవరకు వదలరాదు. మొదటి నీళ్లు వారికే. అలా పట్టినవారి ఇంట జ్వరం నిలవదని పెద్దల మాట.

మొన్న వైశాఖ పున్నమికి, ఐదు నిమిషాల్లో చూసొస్తానని బస్సు ఆపించి కొండెక్కిన ఒక కండక్టరు చేతికి ఆ దారం అందింది. కింద డ్రైవరు హారన్ మోగిస్తూనే ఉన్నాడు. యాభై రెండు మంది ప్రయాణికులు తిడుతూనే ఉన్నారు. అతడు మూడు గంటలు వేలు కదపలేదు. పదకొండు రోజులుగా దిగని అతని కూతురి జ్వరం ఆ సాయంత్రమే దిగింది. అతని పేరు పొట్నూరు కూర్మారావు. ఉదయం ఏడింటి బస్సులో ఉంటాడు, అడిగి చూడండి.