పంటిగాటులో నలుపు

నాగలింగాచారిగారికి ఒక అలవాటుండేది. ఎవరు ఏ ప్రశ్న అడిగినా జవాబు చెప్పేవారు కాదు, చేతికి పని ఇచ్చేవారు. పొద్దున వెండిపని, మధ్యాహ్నం తత్త్వం, రెండూ ఒకే చాప మీద. మోక్షం కోసం వచ్చిన శిష్యుల్లో సగం మంది మజ్జిగ తాగి వెళ్లేవారు. మిగతా సగం మజ్జిగ కోసమే వచ్చేవారు.

వీధిలో అందరి తప్పులూ దిద్దే అచ్చియ్యమ్మ ఒక మధ్యాహ్నం తలొంచుకుని వచ్చింది. "గురువుగారూ, చేసిన తప్పు మచ్చ లేకుండా పోవాలంటే ఏం చేయాలి?"

"ముందు ఆ కొంగులో ఉన్నది తియ్యమ్మా."

తీసింది. అత్తగారు అప్పాయమ్మ వెండి వడ్డాణం, బొగ్గులా ఉంది. బట్టల్ని తెల్లబరిచే బ్లీచింగు పొడి వెండినీ తెల్లబరుస్తుందన్న ఆలోచన ఊరు మొత్తానికి ఈమె ఒక్కదానికే తోచింది మరి. దాని పలచటి రేకు మీద ఒక పంటిగాటుంది. పళ్లొచ్చే వయసులో అప్పాయమ్మ కొడుకు ఆమె ఒళ్లో కూర్చుని కొరికిన గాటది. ఆ కొడుకే పెరిగి అచ్చియ్యమ్మ మొగుడయ్యాడు. ఏడేళ్ల కిందట పోయాడు. చూపు పోయిన అప్పాయమ్మ రోజూ దీపాలవేళ ఆ గాటు మీద వేలు ఆనించి, పిల్లాడింకా ఒళ్లోనే ఉన్నట్టు కూర్చుంటుంది.

ఆచారిగారు చింతపండు, పటిక వేసిన నీళ్లలో వడ్డాణాన్ని ఉడికించారు. పుల్లటి ఆవిరి చూరు దాకా లేచింది. కుంకుడు నురగలో రుద్దుతుంటే నలుపు కలలా కరిగింది. నురగ కింద వెండి, మబ్బు వెనక పగటి చందమామలా తేలింది. అచ్చియ్యమ్మకు ఆ నీళ్లలో ఎవరో బోసినోటితో నవ్వినట్టనిపించింది.

గాటు లోపల మాత్రం నలుపు మిగిలింది.

"అదీ గీకెయ్యండి గురువుగారూ! నేను చూడలేను."

ఆచారిగారు ఆమె చేతిలో ఆకురాయి పెట్టారు. "ఇంటికి తీసుకెళ్లి నువ్వే అరగదియ్యి. నలుపు పోతుంది. గాటూ పోతుంది."

దారి పొడవునా బొడ్లో దోపుకున్న ఆకురాయి నడుముకు గుచ్చుకుంటూనే ఉంది. ఇంట్లో అప్పాయమ్మ ఒడి చాపి ఎదురుచూస్తోంది.

"అత్తయ్యా, వడ్డాణం పాడుచేశాను. నలుపు ఇంకా పూర్తిగా పోలేదు."

"నలుపేమిటే! నాకు నీ మొహమూ నలుపే. గాటుందా?"

అచ్చియ్యమ్మ ఆ ముసలి వేలు పట్టుకుని గాటు మీద పెట్టింది. తన వేలు వెనక్కి తీసుకోవడం మరిచిపోయింది.

మర్నాడు గురువుగారి దగ్గరికొచ్చి ఈ సంగతంతా చెప్పి, "అంతా బాగానే ఉంది గానీ, నా ప్రశ్నకు జవాబు చెప్పనేలేదు," అని నిలదీసింది. అందరి తప్పులూ దిద్దే మనిషి కదా మరి.

ఆచారిగారు చెయ్యి చాపారు.

"ముందు నా ఆకురాయి ఇవ్వమ్మా."