చివరి ఆకు మీద పేరు

కొండమీది మఠంలో తాటాకుల మీద గంటంతో రాసి రాసి సోమలింగానికి నడుం వంగింది, చూపు సగం పోయింది. పన్నెండేళ్లకు పెద్ద పురాణం పూర్తయింది. చివరి ఆకు మీద రాసినవాడు పేరు పెట్టుకోవడం ఆచారం. అంత చాకిరీకీ అతనికి మిగిలేది ఆ పేరొక్కటే.

"అక్కడ నా పేరు రాయవోయ్," అన్నాడు ఏనాడూ గంటం పట్టని మఠం పెత్తందారు గురవప్ప.

"అలాగే స్వామీ. రేపు రాజుగారి సభలో పండితులు తప్పు చూపిస్తే, పేరున్నవారే అందరి ముందూ గంటంతో దిద్దాలి. నా చూపు సంగతి తమకు తెలియందా? ఎన్ని తప్పులు దొర్లాయో ఏమో!"

గురవప్ప తన మెత్తటి చేతులు చూసుకున్నాడు. "నీ పేరే తగలెయ్!"

మర్నాడు పండితులు పొద్దుగూకేదాకా వెతికారు. ఒక్క తప్పూ దొరకలేదు. అప్పటికే సోమలింగం సభాస్తంభానికి చేరగిలబడి నిద్రపోతున్నాడు.