కొత్త గదికి కట్టిన పసుపుదారం

అనగనగా ఒక ఊరుంది తల్లీ, ఆ ఊరికి నేలే లేదు. ఆకాశంలో భూమి చుట్టూ తిరుగుతూ ఉండేది. దాన్ని స్టేషన్ అనేవారు. ఊఁ కొట్టు మరి, కొట్టకపోతే చెప్పను.

ఆ స్టేషన్‌కి ఒక కొత్త గది కావాల్సొచ్చింది, పరిశోధనలు చేసుకోడానికి. అప్పుడు ముగ్గురు మనుషులు ఆ గదిని తమ ఆకాశపు ఓడకి తగిలించుకుని బయల్దేరారు. పెద్దావిడ హైమవతి. ఆవిడతో మస్తాను, ఏసుపాదం.

గది అంచున ఒక రబ్బరు చుట్టు ఉంది. అది స్టేషన్‌కి గట్టిగా అతుక్కుంటేనే లోపలి గాలి బయటికి పోదు. దాని మీద వెంట్రుక కూడా పడకూడదని కట్టడి. హైమవతికి అదంతా తెలుసు. తెలిసీ, కొత్త గుమ్మం బోసిగా ఉండకూడదని, బయల్దేరే ముందు ఆ రబ్బరు పక్క కొక్కేనికి పసుపుదారం కట్టేసింది. ఎవరికీ చెప్పలేదు. ఎంత చదివితే ఏం, పిచ్చిపని చేసింది.

పైకెళ్ళాక గదిని స్టేషన్‌కి అతికించారు. అప్పుడు గదిలో గాలి ఎంతుందో చూపించే ముల్లు చూస్తే కొంచెం దిగింది. మళ్ళీ బిగించారు, మళ్ళీ దిగింది. మూడోసారీ అంతే. దారం జారి రబ్బరు మీద పడిందని హైమవతికి అర్థమైంది. అయినా బయటపెట్టలేదు.

ఆ మాత్రం గాలి పోతే పరవాలేదు, ఒకరు వెళ్ళి స్టేషన్ తలుపు తియ్యండని కింద భూమ్మీద నుంచి కబురొచ్చింది. కొత్త గదిలోకి మొదట ఒక్కరే వెళ్ళాలి. వెనక ఓడ తలుపు మూసెయ్యాలి. అతుకు ఊడితే మిగతావాళ్ళయినా బతకాలి కదా, అందుకు. లోపలున్న మనిషి మాత్రం మిగలడు. ఆ వంతు మస్తానుది.

మస్తాను గదిలోకి వెళ్ళే తలుపు మీద చెయ్యేశాడు. అప్పుడు హైమవతి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఆగు తమ్ముడూ. ఆ అతుకులో నేను కట్టిన దారం ఉంది," అంది.

ఇద్దరూ తిట్టకుండా పనిముట్లు అందుకున్నారు. తిట్టినా బాగుండేది, ఆవిడకి ఇంకా భయమేసింది.

ఆ తర్వాత గదిని స్టేషన్ నుంచి విడదీశారు. హైమవతే నడుముకి తాడు కట్టుకుని బయటికి వెళ్ళింది. కాళ్ళ కింద ఏమీ లేదు తల్లీ, ఉత్త చీకటి. దారప్పోగు తీసింది, రబ్బరంతా తుడిచింది. మళ్ళీ అతికించారు. ఈసారి ముల్లు కదల్లేదు.

అయినా ఆవిడ తలుపు దగ్గరికి రాకుండా దూరంగా నిలబడింది. మస్తాను గదిలోకి వెళ్తూ గుమ్మంలో ఆగాడు. వెనక తలుపు వెయ్యడానికి ఏసుపాదం వస్తే వద్దన్నాడు.

"నువ్వే వెయ్యక్కా," అన్నాడు. "ఇకమీద నువ్వయితే ఏదీ దాచవు."

హైమవతి ఏడుస్తూనే తలుపు వేసింది.

కథేమో కంచి దారి పట్టింది,
మా తల్లికి కునుకు పట్టింది.