పాదాలు లేని నర్తకుడు

ఒకానొక రాజ్యంలో, రాజు చంపించిన నర్తకి ప్రేతమై వచ్చి ఆయన కళ్ళెదుటే ఆడిందని ఒక కథ వాడుకలో ఉంది. చెప్పేవాళ్ళు ‘ప్రేతం’ అనే మాట దగ్గర గొంతు తగ్గిస్తారు. వినేవాళ్ళు దగ్గరికి జరుగుతారు. నా అభ్యంతరం సరిగ్గా అక్కడే. ఆ రాజ్యానికి పేరుంది, వేలిమకొండ. రాజుకూ పేరుంది, సూరభూపాలుడు. సభ జరిగిన సంవత్సరమూ తెలుసు, శక వర్షం 1158. నర్తకి చచ్చిపోయిందన్న దానికి మాత్రం ఎక్కడా ఆధారం లేదు. కాబట్టి ఆ సాయంకాలం సంగతి మొదటి నుంచి చెప్పుకోవాలి.

సూరభూపాలుడికి ‘నాట్యసర్వజ్ఞ’ అని బిరుదు. ఇచ్చుకున్నది ఆయనే. లోకంలోని నాట్యాలన్నీ వేలిమకొండలో పుట్టి తక్కిన దేశాలకు వలస పోయినవేనని ఆయన సిద్ధాంతం. పరదేశపు నర్తకులు ఎవరు వచ్చినా ముందు ఆయన సభలో ఆడాలి. రాజు వాళ్ళ పాదాలు మాత్రమే చూసి అది ఏ నాట్యమో చెబుతాడు. చెప్పగానే వాళ్ళు కాలిమువ్వలు విప్పి సభాస్తంభానికి తగిలించి, ఆ రాజ్యంలో మళ్ళీ ఆడకుండా వెళ్ళిపోవాలి. చెప్పింది తప్పు అనడానికి ఇంకో తీర్పరి లేడు.

సింహళం నుంచి వచ్చినవాడు డోలు కట్టుకొని ఎగిరెగిరి ఆడితే, “ఇది మన వీరులు ఆడే పేరిణే. ఓడలో తడిసి చెడిపోయింది” అన్నాడు రాజు. పారశీకుడొకడు బొంగరంలా తిరిగితే, “మన గానుగెద్దును చూసి నేర్చుకున్నాడు” అన్నాడు. సభ నవ్వింది. ఇద్దరూ మువ్వలు విప్పారు.

అలా స్తంభాల నిండా మువ్వలు పేరుకుపోయాయి. సాయంత్రం సముద్రపు గాలి వీస్తే అవి వాటంతట అవే మోగేవి. కాళ్ళు లేని అడుగులు సభంతా తిరుగుతున్నట్టు వినిపించేది. ఆ వేళకు సేవకులెవరూ ఒంటరిగా అటువైపు పోయేవారు కారు.

ఆ రోజుల్లో యవద్వీపపు ఓడలో ఒక నర్తకి వచ్చి రేవులో దిగింది. సెకర్ అని పేరు. వాళ్ళ భాషలో పువ్వు అని అర్థం. మన నోళ్ళలో అది శేకరి అయింది. ఆమె నాట్యం ఇక్కడివాళ్ళకు కొత్త. కనురెప్పలు వాల్చి, నీళ్ళలో నడుస్తున్నట్టు అడుగు జరుపుతూ, వేళ్ళను విల్లులా వెనక్కి వంచుతూ ఆడేది. ఆమె కాలిమువ్వలు గురువు చనిపోతూ ఇచ్చినవి. ఒక శిష్యురాలి కాలికి వాటిని తన చేతులతో కడతానని ఆమె గురువుకు మాట ఇచ్చింది.

రాజు పిలుపు అందగానే ఆమె సభలో హాస్యగాడైన బొప్పన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది.

“అయ్యా, మీ రాజు నా నాట్యానికి ఏ పేరు పెట్టుకున్నా సరే. మువ్వలు మాత్రం ఇవ్వలేను.”

“పేరు నిన్ననే పెట్టేశాడమ్మా, కొంగనడక అని,” అన్నాడు బొప్పన. “ఇక నువ్వు ఆడటమే తరువాయి.”

“మరి నాకు దారి?”

“నువ్వు అప్పుడే ఆడకు. నీకంటే ముందు ఇంకొకరిని ఆడిస్తాను.”

మర్నాడు పొద్దు గుంకే వేళకు సభ నిండింది. సూరభూపాలుడి సింహాసనం, వీపు ఆనుకునే పలక లేని ఎత్తయిన గద్దె. దాని వెనుక గొలుసులకు వేలాడే పెద్ద దీపం ఒకటి ఎప్పుడూ వెలుగుతూ ఉండేది. కిరీటం చుట్టూ తేజస్సు కనబడాలని రాజు ప్రత్యేకంగా చేయించుకున్నది. అది ఎన్నడూ ఆరదు కనుక దాన్ని అందరూ గమనించడం మానేశారు.

బొప్పన వచ్చి మొక్కాడు. “దేవరా, శేకరి కంటే ముందు ఒక నర్తకుణ్ణి చిత్తగించాలి. అతడికి పాదాలు లేవు.”

“పాదాలు లేనివాడు ఆడటమేమిట్రా?”

“నా అనుమానమూ అదే. అందుకే సర్వజ్ఞుల ముందుకు తెచ్చాను. అది ఏ దేశపు నాట్యమో, ఆడేవాడు ఎలాంటివాడో దేవర సరిగ్గా చెబితే, శేకరి మువ్వలతో పాటు నా కొలువు కూడా వదులుకుంటాను. తప్పితే మాత్రం ఈ స్తంభాల మీది మువ్వలన్నీ ఎవరివి వాళ్ళకు చేర్చాలి.”

“అలాగే కానీ. ఎక్కడ వాడు?”

“తెర మీద ఆడతాడు. దీపాలు ఆర్పించాలి. దేవర వెనుక ఉన్న దీపం మాత్రం...”

“దాని జోలికి వెళ్ళావంటే చెయ్యి తెగుతుంది!”

“వెళ్ళను దేవరా. ఒట్టు.”

తోలుబొమ్మలాటకు కట్టినట్టు సింహాసనానికి ఎదురుగా తెల్లటి తెర కట్టారు. దీపాలు ఒక్కొక్కటే ఆరాయి. బొమ్మ ఎప్పుడూ తెర వెనుకే ఉంటుందని చిన్నప్పటి నుంచి ఎరిగిన కళ్ళన్నీ తెరకు అతుక్కున్నాయి. శేకరి తెర పక్కనే, స్తంభానికి ఆనుకొని నిలబడి ఉంది.

తెర మీద అతడున్నాడు. ఎప్పుడు వచ్చాడో ఎవరూ చూడలేదు. మనిషికి రెండింతల ఎత్తు. తల మీద కొమ్ముల్లాంటివేవో ఉన్నాయి. నడుము కింద అంతా ఒక నల్లటి దిమ్మ, పాదాలు లేవు. రెండు పక్కలా పొడవాటి చేతులు లేచి పడుతున్నాయి. వాటి చివర వేళ్ళకు బదులు జుట్టు వేలాడుతోంది.

గాలి వీచింది. అతడు ఒక పక్కకు వాలి, ఆగి, రెండో పక్కకు వాలాడు. అదే క్షణంలో స్తంభాల మీద మువ్వలు మోగాయి. పాదాలు లేనివాడి అడుగుల చప్పుడు సభ నాలుగు మూలల నుంచీ వచ్చింది.

రాజుకు ఇరువైపులా వింజామరలు వీచేవాళ్ళ చేతులు భయంతో వేగం పుంజుకున్నాయి. తెర మీది చేతులూ వేగం పుంజుకున్నాయి. వెనుక వరసల్లోంచి కొందరు లేచి పారిపోయారు.

రాజు విగ్రహంలా కూర్చుని గొంతు సవరించుకున్నాడు. “ఇది... ద్వీపాంతరాల ప్రేతనాట్యం. సందేహం లేదు.”

“ఆడేవాడు ఎలాంటివాడంటారు?”

“మొద్దు! తాళం తెలియదు, నడుము వంగదు. తల బరువు ఎటు లాగితే అటు ఊగుతున్నాడు.”

“దేవర మాట సభంతా విన్నది. ఇక ఆపమంటారా?”

“ఆపించు!”

“నా మాట వినడు. దేవరే చెయ్యెత్తి ఆజ్ఞాపించాలి.”

రాజు కుడిచెయ్యి ఎత్తాడు. తెర మీద కొత్తగా ఇంకో చెయ్యి లేచింది. దీనికి వేళ్ళున్నాయి.

రాజు చెయ్యి దించాడు. అదీ దిగింది. రాజు మెల్లగా తల పక్కకు వంచాడు. కొమ్ముల తల మెల్లగా పక్కకు వంగింది.

“బొప్పనా,” అన్నాడు రాజు. “వాడు నన్నే చూస్తున్నాడురా.”

“లేదు దేవరా. అతడికి ముఖం లేదు. అది దేవర దగ్గరే ఉంది.”

మువ్వలు ఒక్కసారి మోగి ఆగిపోయాయి.

“ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి,” అన్నాడు బొప్పన.

రాజు తిరిగాడు. గొలుసులకు వేలాడుతూ, గాలికి అటూ ఇటూ ఊగుతూ, తాను చేయించుకున్న దీపం. దాని ముందు వీచేవాళ్ళ చేతుల్లో రెండు వింజామరలు. మళ్ళీ తెర వైపు తిరిగాడు. కొమ్ములు కిరీటపు మొనలయ్యాయి. నల్లటి దిమ్మ గద్దె అయింది.

“ఇప్పుడు దేవరే తీర్పు చెప్పాలి,” అన్నాడు బొప్పన వినయంగా. “ఇందాక సెలవిచ్చింది నిజమైతే నేను ఓడిపోయాను. మువ్వలు తీసుకోండి.”

రాజు మనసులో లెక్క వేసుకున్నాడు. నిజమంటే తాను తాళం తెలియని పరదేశపు ప్రేతం. కాదంటే సర్వజ్ఞుడు కాదు.

మొదట రాజు భుజాలు కదిలాయి. తెర మీద ఆ నల్లటివాడి భుజాలు కూడా కదలడం చూసి ఆయనకు నవ్వు ఆగలేదు. ఆ నల్లటివాడు పొట్ట పట్టుకొని ఊగుతుంటే ఇంకా నవ్వాడు.

“ఓడిపోయానురా బొప్పనా! మొద్దునని ఒప్పుకోవడం కంటే ఓడిపోవడమే సుఖంగా ఉంది. మువ్వలన్నీ ఎవరివి వాళ్ళకు చేరతాయి. నీకేం కావాలో కోరుకో.”

“ఆ దీపం ఇప్పించండి. దేవర నీడకూ కాస్త విశ్రాంతి దొరుకుతుంది.”

దీపం దింపించి ఇచ్చారు. బొప్పన దాన్ని అక్కడికక్కడే శేకరి చేతిలో పెట్టాడు. ఆమె ఆ వెలుగులోనే ఆడింది. రాజు పాదాలు కాకుండా మొదటిసారి ఒక నర్తకి ముఖం చూశాడు. ఆట ముగిశాక, “దీన్ని మీ దేశంలో ఏమంటారమ్మా?” అని ఆమెనే అడిగాడు.

పారిపోయినవాళ్ళు చూసింది నీడ వరకే. ఊళ్ళో చెప్పిందీ అంతవరకే. నీడకు ఒక చావు కావాలి కనుక కథలో శేకరిని చంపేశారు. నవ్వు విన్నవాళ్ళు చెప్పిన కథలో భయం లేదు కనుక దాన్ని ఎవరూ దాచుకోలేదు.

అయితే రేవు దగ్గరి గుడి గడపరాయి మీద ఒక చిన్న శాసనం ఉంది. శక వర్షం 1171, కార్తీక శుద్ధ దశమి నాడు, ద్వీపాంతరం నుంచి వచ్చిన శేకరి తన శిష్యురాలు మాచమ కాలికి స్వయంగా మువ్వలు కట్టి, గొలుసుల దీపాన్ని ఈ గుడికి ఇచ్చింది.