వసారాలో చదివిన పుస్తకం

రేవత భిక్షువుకు శోభితుడి పేరు వింటేనే ఒళ్లు మండేది.

గుండ్లకమ్మ ఒడ్డున కొండ మీద ఉన్న ఆ విహారంలో గ్రంథాలయం మొదటి నుంచీ రేవతుడి చేతిలోనే ఉంది. తాటాకు కట్టలకు నూనె రాసేది అతనే, చెదలు పట్టకుండా చూసేది అతనే, శిథిలమైన పుస్తకాన్ని కొత్త ఆకుల మీదికి ఎక్కించేదీ అతనే. ఒక్కో కట్టనూ గుడ్డలో చుట్టి భద్రం చేసి, గదికి తాళం వేసి, తాళంచెవి నడుముకు కట్టుకుని తిరిగేవాడు. ఏ భిక్షువుకైనా పుస్తకం కావాలంటే అతని ఎదుటే కూర్చుని చదివి, అతని చేతికే ఇచ్చి వెళ్లాలి.

అలాంటి చోటికి శోభితుడనే కొత్త భిక్షువు వచ్చాడు. విహారానికి పెద్దయిన ఆచార్య సుమనుల అనుమతి తీసుకుని, రోజూ ఒక కట్టను బయట వసారాలోకి తెచ్చి పైకి చదవడం మొదలుపెట్టాడు. ముందు ఇద్దరు పశువుల కాపరులు విన్నారు. తర్వాత కుమ్మరులు, సాలెవాళ్లు, చంకన పిల్లలతో ఆడవాళ్లు. ఒకరు పైరుకు పట్టిన తెగులు గురించి అడిగేవారు, ఇంకొకరు పిల్లలకు అక్షరాలు దిద్దించమనేవారు. ఊళ్లో అందరూ దాన్ని 'శోభితుడి గ్రంథాలయం' అనడం మొదలుపెట్టారు.

ఆ మాట చెవిన పడిన రోజు రేవతుడికి అన్నం సయించలేదు. నేరుగా ఆచార్యుల దగ్గరికి వెళ్లాడు.

"భంతే, గ్రంథాలయమంటే పుస్తకాలను కాపాడే చోటు. అతను దాన్ని సంత చేశాడు. మట్టి చేతులతో ఆకులు ముట్టుకుంటున్నారు. అవన్నీ నేను రాసినవి భంతే! రాసింది నేను, పేరు అతనికా?"

ఆచార్యులు కళ్లు చికిలించి అతని ముఖం వైపు చూశారు. "నువ్వు రాసినవే" అని ఊరుకున్నారు.

ఆ ఊళ్లో నాగక్క అనే సాలె ఆవిడ ఉంది. ఆమె పెద్ద కూతురు కాన్పులో పోయింది. ఇప్పుడు రెండో కూతురికి నెలలు నిండుతున్నాయి. కాన్పు జాగ్రత్తల పుస్తకం చదివి వినిపిస్తానని శోభితుడు ఆమెకు మాటిచ్చాడు. అది విన్న రేవతుడు ఆ కట్టను ముందే తీసి తన చాప కింద దాచేశాడు. అంతమంది ముందు శోభితుడు నీళ్లు నమలాలి. అది తను చూడాలి.

అనుకున్న రోజున నాగక్క కూతుర్ని వెంటబెట్టుకుని కొండెక్కి వచ్చింది. శోభితుడు పుస్తకాల గదంతా వెతికాడు.

"భంతే, ఆ కట్ట మీరేమైనా చూశారా?"

"వసారాలో పారేసుకునేది మీరు. నన్నడిగితే?" అన్నాడు రేవతుడు.

శోభితుడు బయటికి వచ్చి చేతులు జోడించాడు. "అమ్మా, పుస్తకం దొరకలేదు. తప్పు నాదే."

నాగక్క కోప్పడలేదు. ఆయాసపడుతున్న కూతుర్ని స్తంభానికి ఆనించి కూర్చోబెట్టింది. "ఉంటాం సామీ. దొరికేదాకా ఇక్కడే ఉంటాం" అంది.

రేవతుడు చూడాలనుకున్నది చూశాడు. కానీ అక్కడ నిలబడలేకపోయాడు. తన గదిలోకి వెళ్లి కూర్చున్నాడు.

కాసేపటికి ఆచార్యులు గోడ పట్టుకుని నెమ్మదిగా లోపలికి వచ్చారు.

"రేవతా, కాన్పు జాగ్రత్తల పుస్తకం తీసుకురా."

"మీకెందుకు భంతే అది?"

"వినాలని ఉంది."

రేవతుడు తల వంచుకుని చాప ఎత్తాడు. కట్ట ఎక్కడి నుంచి వచ్చిందని ఆచార్యులు అడగలేదు. దాన్ని అందుకుని ఆకుల మీద వేళ్లతో తడిమి, మళ్లీ అతనికే ఇచ్చారు.

"నాకు అక్షరాలు కనబడడం మానేసి ఏడాది అవుతోంది. నువ్వే చదవాలి."

రేవతుడు నిర్ఘాంతపోయాడు. ఈ ఏడాదిలో ఆచార్యులు ఒక్క పుస్తకమూ అడగలేదు. అడగలేదన్న సంగతి కూడా తను గమనించలేదు.

"ఇక్కడ గాలాడడం లేదు. వసారాలోకి పద" అంటూ ఆచార్యులు అతని భుజం మీద చెయ్యి వేశారు.

వసారాలో కూర్చుని రేవతుడు కట్ట విప్పాడు. పైకి చదివే అలవాటు లేదు, గొంతు బొంగురుపోయింది. శోభితుడు జరిగి చోటిచ్చి, ఆడవాళ్ల వెనక కూర్చుని వినసాగాడు.

"సామీ, రక్తం ఆగకపోతే ఏం చెయ్యాలో ఆ ముక్క మళ్లీ చెప్పండి" అంది నాగక్క. "మా పెద్దదానికి అదే అయింది."

రేవతుడు మళ్లీ చదివాడు. ఆమె ముఖం చూసి, పుస్తకం పక్కన పెట్టి, తేలిక మాటల్లో విడమరచి చెప్పాడు. ఆమె పెదవులు కదుపుతూ ఒక్కో మాటా వల్లె వేసుకుంది.

వెళ్లేముందు దణ్ణం పెట్టి అడిగింది. "చల్లగా చెప్పారు సామీ. ఎప్పుడూ చూడలేదు మిమ్మల్ని. ఏ ఊరి నుంచి వచ్చారు?"

రేవతుడు వెనక ఉన్న పుస్తకాల గది వైపు చూశాడు. "ఇక్కడే ఉంటానమ్మా" అన్నాడు.

జనం కొండ దిగిపోయారు. ఆచార్యులు ఇంకా అక్కడే కూర్చుని ఉన్నారు.

"శోభితుడి మీద అసూయ పోయిందా?"

రేవతుడు కట్టను మళ్లీ గుడ్డలో చుట్టాడు. "లేదు భంతే. ఇంకా ఉంది."

ఆచార్యులు నవ్వారు.

"ఉండనీ. రేపు ఏం చదువుతావు?"