మేకుకు పదిహేను కాగితాలు

గాజువాకలో మా తవిటయ్య గారి షెడ్డులో పనికి చేరినవాడు మొదట నేర్చుకునేది అతికించడం కాదు, లెక్కపెట్టడం. కాళ్లు పోగొట్టుకున్నవాళ్లకు ఆయన కార్బన్ ఫైబర్ పాదాలు చేస్తారు. ఒక్కో పాదానికి పదహారు పొరలు. ప్రతి పొర వెనకా పల్చటి ప్లాస్టిక్ కాగితం అంటుకుని వస్తుంది. దాన్ని ఒలిచి మేకుకు గుచ్చాకే ఇంకో పొర వెయ్యాలి. ఆఖర్న మేకుకు పదహారు కాగితాలు ఉండాలి. ఒకటి తగ్గిందా, అది పాదం లోపలే ఉండిపోయిందేమోనని అనుమానించాలి.

ఒకరోజు శిష్యుడు మస్తాన్, పొరలు కాలి గట్టిపడ్డ పాదాన్ని ఓవెన్‌లోంచి తీశాక లెక్కపెడితే పదిహేనే ఉన్నాయి. పాదం చూస్తే నున్నగా మెరిసిపోతోంది. తూకం సరిపోయింది, నాణెంతో తట్టినా ఎక్కడా డొల్లగా పలకలేదు.

"కాగితం గాలికి ఎగిరిపోయుంటుంది గురువుగారూ. ఇంత చక్కగా కుదిరినదాన్ని పగలగొట్టమంటారా?" అన్నాడు. పాపం, మూడు రోజుల చాకిరీ మరి.

తవిటయ్య గారు కేకలేస్తారని అందరం ఎదురుచూశాం. వేసినా బావుండేది. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"నాకూ ఓసారి పదిహేనే వచ్చాయి. ఫ్యాను గాలికి పోయుంటుందిలే అనుకున్నాను. అనుకోవడానికేం! ఆ పాదం పైడితల్లి అనే పరుగుపందేల పిల్లకి వెళ్లింది. ఏడు నెలలు బాగానే పరిగెత్తింది. రాష్ట్ర పోటీలో ఆఖరి మలుపు దగ్గర పాదం పొరలు విడిపోయి రెండు చెక్కలైంది. ఆ పిల్ల బోర్లా పడింది. ఉన్న ఒక్క కాలికీ మోకాటి చిప్ప పగిలింది. మరి పరిగెత్తలేదు.

"ముక్కలు పట్టుకుని నా దగ్గరికే వచ్చింది. పొరల మధ్య నా కాగితం అలాగే ఉంది. ఆ పిల్లకి అదేమిటో తెలీదు. చేతులు జోడించి, 'ఇసకలో పరిగెట్టొద్దని మీరు సెప్పినా ఇన్నేదు బాబూ. మీ కట్టమంతా పాడుసేసీసాను, ఏటీ అనుకోకండి' అంది."

మస్తాన్ పాదాన్ని బల్ల మీద పెట్టి, "మీరేమన్నారు?" అని అడిగాడు.

"'పర్లేదులే తల్లీ' అన్నాను," అన్నారు తవిటయ్య గారు. "ఆ పిల్లని నేను క్షమించాన్రా, మస్తానూ."