ఏడు సముద్రాల అవతల చెత్తకొండ

ఊ కొడుతూ వినండర్రా. ఊ ఆగితే కథా ఆగుతుంది.

అనగనగా మాల్యగిరి అని ఒక రాజ్యం. దాన్ని ఏలే జయకేతు మహారాజుకు ముగ్గురు కొడుకులు. ఆ రాజ్యంలో ప్రతి పెరట్లోనూ ఒక పెంటగుంట ఉండేది. తొక్కలూ ఆకులూ అందులో వేసేవాళ్లు. అది ఏడాదికి ఎరువై పొలానికి పోయేది.

ఒకనాడు భస్మకేతుడనే మాంత్రికుడు వచ్చాడు. "ఈ కంపు మీకెందుకమ్మా? అన్నీ ఒకే మూట కట్టి గుమ్మం బయట పెట్టండి, మాయం చేస్తా" అన్నాడు. జనం సంబరపడి గుంటలు పూడ్చేశారు. తొక్కలూ, చింపిరి గుడ్డలూ, పగిలిన గాజూ, చిల్లుపడ్డ చెంబులూ అన్నీ ఒకే మూట. పొద్దున పెడితే మధ్యాహ్నానికి మాయం. ఎక్కడికి పోయిందని ఒక్కరైనా అడిగారా? అబ్బే!

పన్నెండేళ్లు గడిచాయి. ఎక్కణ్ణుంచో నల్లటి పొగ రావడం మొదలైంది. ఆ మధ్యలో పుట్టిన రాజుగారి ఏడేళ్ల కూతురు మందారవల్లికి ఆయాసం పట్టుకుంది. నాలుగడుగులు వేస్తే చాలు, కూలబడిపోయేది. రాజవైద్యుడు నాడి చూసి, "ఏడు సముద్రాల అవతల చెత్తకొండ రగులుతోంది ప్రభూ. అమావాస్యలోపు ఆరకపోతే పాప మనకు దక్కదు" అన్నాడు.

పెద్దకొడుకు కత్తి పట్టుకు వెళ్లాడు. పొడిచిన చోటల్లా మంట ఎగదన్నితే ఒళ్లు కాల్చుకుని తిరిగొచ్చాడు. రెండోవాడు ఏడు ఓడల ఇసుక పోశాడు. పైన ఆరింది, లోపల రగులుతూనే ఉంది. ఇక చిన్నవాడు మలయధ్వజుడు బయలుదేరాడు. వాడికి చెల్లెలంటే ప్రాణం.

ఒక సముద్రం దాటాడు, రెండు దాటాడు, ఏడూ దాటాడు. కొండ ముందు కాలికి ఏదో తగిలింది. వంగి చూస్తే చెల్లెలి చిరిగిన పట్టుపరికిణీ! పక్కనే తను చిన్నప్పుడు విరగ్గొట్టిన కొయ్యగుర్రం. పాపం, సిగ్గుతో వాడి తల వాలిపోయింది.

పైనుంచి మాంత్రికుడు పకపకా నవ్వాడు. "నేనేమైనా దొంగిలించానా? మీరే కట్టి ఇచ్చారు. ఇవన్నీ కలగలిసి ఉన్నన్నాళ్లూ నాకు చావు లేదు!"

వాడి చెరలో చెత్త ఏరే అమ్మాయి ఒకతె ఉంది, పేరు వకుళ. ఆమె మెల్లగా దగ్గరికొచ్చి, "వాడి ప్రాణం కొండ అడుగున ఒక చిలకలో ఉంది. కత్తులతో అందదు. చేతులతో విడదీయాలి" అని చెప్పింది.

ఇద్దరూ కూర్చుని ఏరడం మొదలుపెట్టారు. వానపాములు వచ్చి, "తడిది మాకివ్వు దొరా, మట్టి చేసిస్తాం" అన్నాయి. కాకులు వచ్చి, "ఇనుమూ ఇత్తడీ గాజూ మేం ఏరతాం, కొలిమిలో కరిగిస్తే కొత్తవవుతాయి" అన్నాయి. ఎలుకలు గుడ్డపేలికలు లాగి కుప్పేశాయి. మూడు రోజులు, మూడు కుప్పలు. విడదీసిన కొద్దీ మంట తగ్గింది.

చివరికి ఒక్క మూట మిగిలింది. అది కుళ్లదు, కరగదు, దేనికీ పనికిరాదు. కాకులు కూడా ముట్టలేదు. దాని మీదే పంజరం, పంజరంలో చిలక. "మాది కాదు, మాది కాదు" అని ఒకటే అరుపు.

"మాదే" అన్నాడు మలయధ్వజుడు. మూట ఎత్తి నెత్తిన పెట్టుకున్నాడు. "నేనే ఇంటికి మోసుకెళ్తాను."

చిలక నోరు పడిపోయింది. మాంత్రికుడు నిలబడ్డచోటే బూడిదయ్యాడు.

అమావాస్యకు ఒకరోజు ముందే పొగ ఆరిపోయింది. రాకుమారుడు ఆ మూటను నిండు సభలో దించి, "ఇలాంటి వస్తువు ఇక మన రాజ్యంలో తయారు కాకూడదు" అన్నాడు. రాజు వాడికే పట్టం కట్టాడు. వకుళతో పెళ్లి చేశాడు.

పెళ్లిభోజనాలయ్యాయి. ఎంగిలాకు రాజు ఎత్తడం ఎక్కడైనా ఉందా? సేవకులు పరుగున వచ్చారు. మలయధ్వజుడు చెయ్యి అడ్డంపెట్టి, "నేను తిన్నది నేనే తీస్తాను" అన్నాడు. కొత్త దంపతులు తమ ఆకులు మడిచి, కొత్తగా తవ్వించిన గుంటదాకా నడిచి వెళ్లి వేశారు. అప్పుడు మందారవల్లి లేచింది. తన ఆకు పట్టుకుని ఆ గుంటదాకా పరుగెత్తింది. పరుగెత్తినా ఆయాసం రాలేదు. అది చూసి పందిరంతా లేచి నిలబడింది, ఎవరాకు వాళ్లు పట్టుకుని.

ఆ రాజూ రాణీ అరవై ఏళ్లు చల్లగా ఏలారు. ఇక లేవండర్రా. మీ కంచాలు అక్కడే ఉన్నాయి, నేను చూస్తూనే ఉన్నాను.